సోహార్‌లో రెండు లోహాలు

ఒమన్‌లో పదార్థశాస్త్రం చదివిన వారికి పనికొచ్చే కథ ఒకటి సోహార్‌లోనే ఉంది. ఆ ఊరి వెనక వాదీ జిజ్జీ కొండల్లో నాలుగు వేల ఏళ్ల కిందటే రాగి తీశారు. అప్పట్లో మగన్ అని పిలిచిన ఈ ప్రాంతపు రాగిగా అది మెసొపొటేమియా దాకా వెళ్లింది. 2008 నుంచి అదే సోహార్‌లో అల్యూమినియం తయారవుతోంది, ఏడాదికి దాదాపు 3.9 లక్షల టన్నులు. అందులో కొంత కరిగిన రూపంలోనే పక్క ఫ్యాక్టరీలకు చేరుతుంది.

లిథియం అయాన్ బ్యాటరీని విప్పితే ఈ రెండు లోహాలూ ఎదురెదురుగా కనిపిస్తాయి. కేథోడ్ వైపు అల్యూమినియం రేకు, ఆనోడ్ వైపు రాగి రేకు. రాగి బరువెక్కువ, ధరా ఎక్కువే. అయినా ఆనోడ్ వైపు అల్యూమినియం పెట్టరు, ఎందుకంటే అక్కడ అది లిథియాన్ని తనలో కలిపేసుకుంటుంది.

మరి ఆ గుణాన్నే వాడుకుంటే? గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు దాచుకుంటే, అల్యూమినియం లెక్కప్రకారం 993 దాచుకోగలదు. తర్వాత 2019లో నోబెల్ అందుకున్న స్టాన్లీ విటింగ్‌హామ్ పనిచేసిన ఎక్సాన్ సంస్థ, 1970లలోనే తన తొలి బ్యాటరీల్లో లిథియం-అల్యూమినియం మిశ్రమాన్ని ఆనోడ్‌గా పెట్టింది. చిక్కేమిటంటే, లిథియం నిండేసరికి ఈ లోహం నానిన శనగలా ఉబ్బి దాదాపు రెట్టింపవుతుంది. శనగ మెత్తబడుతుంది, ఇదేమో పగులుతుంది. తెరుచుకున్న ప్రతి పగులులోకీ ద్రవ ఎలక్ట్రోలైట్ దూరి లిథియాన్ని ఖర్చు చేస్తుంది. కొంత లిథియం లోహంలోనే చిక్కుకుపోయి మళ్లీ బయటికి రాదు. 1991లో సోనీ కార్బన్ ఆనోడ్‌తో మార్కెట్‌కొచ్చాక, అల్యూమినియానికి చిన్న బటన్ సెల్స్ మిగిలాయి.

2023లో జార్జియా టెక్‌లో మాథ్యూ మెక్‌డోవెల్ బృందం ఆ పాత రేకునే మళ్లీ తీసింది. ఈసారి దానికి కొద్దిగా ఇండియం కలిపి, ద్రవం బదులు ఘన ఎలక్ట్రోలైట్ వాడింది. పగుళ్లలోకి దూరడానికి ద్రవమే లేదు! రేకు వందల సార్లు ఛార్జింగ్‌ను తట్టుకుంది. ఈ పనిలో భాగమైన నోవెలిస్, 2007 నుంచి భారత్‌కు చెందిన హిందాల్కో చేతిలో ఉన్న అల్యూమినియం కంపెనీ.

అయితే ఇండియం అరుదైన లోహం, చౌకగా దొరకదు. ఘనస్థితి సెల్‌ను గట్టిగా నొక్కిపట్టి ఉంచాలి కూడా. కాబట్టి ఇప్పుడే పండగ చేసుకోనక్కర్లేదు. కానీ సోహార్‌లోనే అల్యూమినియాన్ని పలచగా సాగదీసే మిల్లు, ఒమన్ అల్యూమినియం రోలింగ్ కంపెనీ, ఉంది. ఇండియానికి బదులు ఏ చవక లోహం కలపాలి, రేకును ఎంత పలచగా సాగదీయాలి, ఎంత తక్కువ ఒత్తిడిలో అది నిలుస్తుంది అన్నవి ఆ మిల్లు దగ్గర్లోని ప్రయోగశాలలోనే పరీక్షించదగిన ప్రశ్నలు. ఈ ఏడాది పట్టా అందుకున్నవారిలో పీహెచ్‌డీకి అంశం వెతుక్కుంటున్నవారు ఉండే ఉంటారు.