దేవుడి పేరిట, సత్యం పేరిట

దేవుణ్ణి నమ్మేవాడూ, నమ్మనివాడూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోగలరా? మాట్లాడుకున్నారండీ. సేవాగ్రామ ఆశ్రమంలో. ఒకరు గాంధీజీ. మరొకరు మన కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా.

ఇద్దరికీ దేవుడి దగ్గర పేచీ. కులం పోవాలన్న దగ్గర మాత్రం ఒకటే మాట. గోరా తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి తలపెట్టారు. మా ఆశ్రమంలోనే చేద్దామన్నారు గాంధీజీ. మరి పెళ్లి ప్రమాణం? దేవుడి పేరిట అంటే గోరాకు కుదరదు. గాంధీజీ ఆ మాట మార్చడానికి ఒప్పుకున్నారు. దేవుడి పేరిట కాదు, సత్యం పేరిట. ఒక్క మాటే. కానీ రోజూ ప్రార్థన చేసే మనిషికి అది చిన్న సంగతా? ఆయన భక్తి తగ్గలేదు. గోరా తర్కమూ తగ్గలేదు.

1948 జనవరిలో గాంధీజీ పోయారు. మార్చిలో, అదే ఆశ్రమంలో, ఆ పెళ్లి జరిగింది.