కాండం కుళ్లు: జన్యువు చెప్పిన జాడ

2000 ఖరీఫ్ మన కదిరి ప్రాంత రైతులు మరచిపోయేది కాదు. అప్పటి అనంతపురం జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్లలో వేరుశనగ దెబ్బతింది. కాండం నల్లబడి మొక్కలు నిలువునా ఎండాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది.

చూడటానికి అది మొవ్వుకుళ్లులాగే ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును చదివి, తెలిసిన వైరస్‌లతో పోల్చారు. తేలింది వేరే పేరు: టొబాకో స్ట్రీక్ వైరస్. పొద్దుతిరుగుడును ఎండగడుతున్నదీ అదే. రెండు పంటల నమూనాల్లో ఆ జన్యువు దాదాపు ఒకటే.

పేరు తెలిశాక దారీ తెలిసింది. మొవ్వుకుళ్లు వైరస్ తామర పురుగు ఒంట్లోనే పెరుగుతుంది. ఇది అలా కాదు, వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. ఆ మొక్క పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, అదే ప్రమాదం! పుప్పొడి అంటిన తామర పురుగులు వేరుశనగ ఆకును గీకినప్పుడు వైరస్ లోపలికి దిగుతుంది.

కాబట్టి అన్నలారా, అక్కలారా, గట్లమీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయండి. చర్మానికి పడదు, చేతికి గుడ్డ చుట్టుకోండి. చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న వేయండి. గాలికి కొట్టుకొచ్చే పురుగును అది చాలావరకు ఆపుతుంది.