మాస్టర్ ప్లాన్ పటంలో మన సర్వే నంబర్

(జిల్లా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మద్దతు ధరలు, యూరియా, కరెంటు గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు చెప్పుకోబోయేది మన సభల్లో అరుదుగా వినపడే సంగతి. పట్టణం ఎటు పెరగాలి, ఏ భూమిని దేనికి వాడాలి అన్నది ఎవరు, ఎక్కడ కూర్చుని నిర్ణయిస్తున్నారు? అది ఇంజనీర్ల వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం. 2022 చివరి దాకా కామారెడ్డి చుట్టుపక్కల రైతులు కూడా అలాగే అనుకుని ఉంటారు.

కామారెడ్డిలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2016 అక్టోబరులో అది జిల్లా కేంద్రమైంది. పక్కనే హైదరాబాద్–నాగపూర్ జాతీయ రహదారి. చుట్టూ ఉన్న కొన్ని పల్లెలను మున్సిపాలిటీలో కలిపారు. ఊరు పెరుగుతోంది కాబట్టి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారు చేయించారు. అందులో సాగు భూములను పారిశ్రామిక జోన్‌లో చూపించారు. కొన్నింటికి గ్రీన్ జోన్ రంగు పడింది. పొలాల నడుమ నుంచి వంద అడుగుల రోడ్ల గీతలు పోయాయి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 2023 జనవరి 11 దాకా గడువు పెట్టారు. చాలామందికి తమ సర్వే నంబర్ మీద ఏ రంగు పడిందో తెలిసేసరికే గడువులో సగం గడిచిపోయింది.

జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. జనవరి 5న రైతులు ఇంటిల్లిపాదీ వచ్చి కలెక్టరేట్‌ను ముట్టడించారు. మరునాడు పట్టణ బంద్. కొందరు హైకోర్టుకు వెళ్లారు. విలీన గ్రామాల కౌన్సిలర్ల మీద రాజీనామా చేయమని ఒత్తిడి పెరిగింది. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ ఇదే తీరుగా గొడవ జరిగి, అక్కడి కౌన్సిల్ కూడా వెనక్కి తగ్గింది.

రైతులు గెలిచారని మనం చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. కానీ ఒక ప్రాణం పోయాక తీర్మానం చేయగలిగిన కౌన్సిల్, పటం గీసే ముందు ఆ ఊళ్లకు పోయి రైతులను ఎందుకు కూర్చోబెట్టలేదు? ఈ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

ఆ రోజుల్లో అధికారులు, మంత్రులు ఒకే మాట చెప్పారు: ఇది ముసాయిదా మాత్రమే, ఎవరి భూమీ తీసుకోవడం లేదు అని. ఆ మాట అబద్ధం కాదు. మన అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం వర్తిస్తుంది. నోటీసు ఇవ్వాలి, విచారణ జరపాలి, మార్కెట్ విలువ కట్టాలి, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం ఇవ్వాలి. సామాజిక ప్రభావ అంచనాను సవరణలతో కొన్ని రకాల ప్రాజెక్టులకు తప్పించారనుకోండి, అది వేరే కథ. భూమి తీసుకోకుండా పటంలో రంగు మాత్రమే మారిస్తే ఆ చట్టం కింద మనకు దక్కేదేమీ లేదు. పట్టా మన పేరు మీదే ఉంటుంది, దున్నుకోవచ్చు కూడా. కానీ బిడ్డ పెళ్లికి అర ఎకరం అమ్మబోతే పారిశ్రామిక జోన్ అని కొనేవాడు వెనక్కి పోతాడు. కొడుకు ఇల్లు కట్టుకుంటానంటే అనుమతి రాదు. పరిశ్రమ ఎప్పుడొస్తుందో చెప్పేవాడూ ఉండడు. భూమి చేతిలోనే ఉంటుంది, విలువ మాత్రం కాగితం మీదే కరిగిపోతుంది.

విలీనం సంగతి కూడా చెప్పుకోవాలి. మన పంచాయతీని మున్సిపాలిటీలో కలిపితే బోర్డు మారినట్టే మనకు కనిపిస్తుంది. ఇంటి పన్ను పెరుగుతుందని అందరికీ తెలుసు. గ్రామీణ ఉపాధి హామీ పని పోతుందని కూలీ తల్లులకు మనకంటే ముందే తెలుసు. మూడోది చాలామందికి తెలియదు. రేపు నిజంగానే భూసేకరణ జరిగితే, పరిహారం లెక్కలో మార్కెట్ విలువను ఒక గుణకంతో హెచ్చిస్తారు. గ్రామీణ ప్రాంతాల్లో ఆ గుణకం రెండు దాకా ఉండొచ్చని చట్టం చెబుతోంది. పట్టణ ప్రాంతంలో అది ఒకటే. అదే చేను, అదే నేల, అదే బావి. ఊరు పట్టణంలో కలిసినందుకు లెక్క తగ్గుతుంది. గ్రామసభ కూడా ఉండదు కాబట్టి అడగడానికి చోటూ పోతుంది.

మరి పట్టణం, పల్లె కలిసి కూర్చుని మాట్లాడుకునే వేదికే లేదా అంటే, ఉంది. రాజ్యాంగంలోనే ఉంది. 1993లో 73, 74 రాజ్యాంగ సవరణలు అమల్లోకి వచ్చాయి. 243జెడ్‌డి అధికరణం ప్రకారం ప్రతి జిల్లాలో జిల్లా ప్రణాళికా కమిటీ ఉండాలి. పంచాయతీలు, మున్సిపాలిటీలు వేసుకున్న ప్రణాళికలను అది ఒకచోట చేర్చి జిల్లాకంతటికీ ముసాయిదా అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. సభ్యుల్లో కనీసం అయిదింట నాలుగు వంతుల మందిని జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల్లో ఎన్నికైన ప్రతినిధులు తమలోంచే ఎన్నుకోవాలి. అదీ గ్రామీణ, పట్టణ జనాభా నిష్పత్తిలో. అంటే పల్లెలు ఎక్కువున్న జిల్లాలో కమిటీలో పల్లె ప్రతినిధులే ఎక్కువ ఉండాలి. కమిటీ ఏ విషయాలు చూడాలో కూడా రాసిపెట్టారు: భూమి వినియోగం, నీళ్ల పంపకం, రోడ్ల వంటి సదుపాయాలు, పర్యావరణం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికోసం 2005లో చట్టం కూడా చేశారు.

ఇంత స్పష్టంగా రాసి ఉన్న కమిటీ సమావేశమై మీ మండలం గురించి చర్చించిందని మీలో ఎవరైనా విన్నారా? చేతులెత్తండి. ఒక్క చెయ్యీ లేవడం లేదు. మేం వెళ్లిన ఏ శిక్షణ తరగతిలోనూ లేవలేదు.

ఆ ఖాళీలో జరుగుతున్నదేమిటంటే, పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక రాస్తుంది. అందులో మురికి కాలువ, సీసీ రోడ్డు, వీధి దీపం ఉంటాయి, పటం ఉండదు. పట్టణ ప్రణాళిక విభాగం గీసేది పటమే, అందులో మనుషులు కనిపించరు. పల్లె ప్రణాళికలో భూమి లేదు, పట్నం ప్రణాళికలో రైతు లేడు. పెద్ద నగరాల దగ్గర ఇది ఇంకా దూరం పోయింది. హైదరాబాద్ చుట్టూ 2008లో ఏర్పడ్డ హెచ్ఎండీఏకు ముఖ్యమంత్రే అధ్యక్షుడు. ఊరి భవిష్యత్తు గీసే ఆ చోటుకూ ఊరి సర్పంచుకూ మధ్య ఎన్ని మెట్లున్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

అలాగని ప్రణాళికే వద్దని మనం అనడం లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లే కొందరు ఆవేశంలో అలా మాట్లాడుతున్నారు. ప్రణాళిక లేకపోతే ఏమవుతుందో గొలుసుకట్టు చెరువుల కింద సాగు చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. పై ఊళ్లో ఒర్రె మీద వెంచర్ వేస్తే కింది ఊరి చెరువు నిండదు. శిఖం భూమిలో ఇళ్లు లేస్తే, వానాకాలం మత్తడి దుంకిన నీళ్లు ఇళ్లల్లోకి, చేలల్లోకి వస్తాయి. వాగుకు పంచాయతీ హద్దు తెలియదు. పై ఊరు, కింది ఊరు, పట్టణం ముగ్గురూ ఒక పటం మీద ఒప్పుకుంటేనే ఆ వాగు బతుకుతుంది.

అలా నీళ్ల కోసం ఆంక్షలు పెట్టిన ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడడానికి 1996లో 111 జీవో ఇచ్చారు. 84 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. హైదరాబాద్‌కు తాగునీరు ఇచ్చే జలాశయాలు కాబట్టి ఆంక్షలు న్యాయమైనవే. కానీ నగరం దాహం తీర్చిన భారాన్ని ఆ 84 ఊళ్ల రైతులే మోశారు. అందుకు బదులుగా ఆ ఊళ్లకు ఏం ఇవ్వాలన్న చర్చ నగరం ఏనాడూ వాళ్లతో కూర్చుని చేయలేదు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు ఎత్తేశారు. అప్పుడు కూడా చెరువుకు ఏమవుతుందన్న మాట పక్కకు పోయి, ఎకరం ఎంత పలుకుతుందన్నదే చర్చయింది. పెట్టినప్పుడూ ఎత్తేసినప్పుడూ నిర్ణయం పైనుంచే వచ్చింది.

ఇంకో తీరు కూడా సాధ్యమే. కేరళలో 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల రక్షణ చట్టం తెచ్చారు. వరి పొలాన్ని పూడ్చాలంటే ముందు స్థానిక పర్యవేక్షణ కమిటీ చూడాలి. దానికి పంచాయతీ అధ్యక్షుడో, మున్సిపల్ చైర్‌పర్సనో అధ్యక్షత వహిస్తారు. వ్యవసాయాధికారి కన్వీనర్. వరి రైతుల ప్రతినిధులు ముగ్గురు సభ్యులు. 2018లో ఆ చట్టాన్ని కొంత సడలించారు, అక్కడా రియల్ ఎస్టేట్ ఒత్తిడి లేకపోలేదు. అయినా పొలం మీద నిర్ణయం జరిగే బల్ల దగ్గర రైతుకు కుర్చీ వేశారు. మనం అడుగుతున్నది అంతే.

ఇప్పుడు మనలో మనం ఒప్పుకోవాల్సిన సంగతి. రోడ్డు పక్కన భూమి ఉన్నవాడు జోన్ మారాలని కోరుకుంటాడు, లోపల ఉన్నవాడు వద్దంటాడు. ఇద్దరూ మన సభ్యులే. వెంచర్‌కు అమ్మిన సోదరుణ్ణి ద్రోహి అనడం తేలిక. పంట మీద అప్పు తీరక అమ్మాడా, ఆశతో అమ్మాడా చూడాలి. ఇక కౌలు రైతులు. అభ్యంతర పత్రం నింపేది పట్టాదారు. పదేళ్లుగా ఆ పొలం దున్నుతున్న మనిషి పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. కాబట్టి గ్రామ కమిటీ తరఫున పెట్టే అర్జీలో కౌలుదారుల సంతకాలు విధిగా ఉండాలి.

ఇక పని. మీ దగ్గరి పట్టణానికి మాస్టర్ ప్లాన్ తయారవుతోందా లేదా అన్నది మున్సిపల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. రాతపూర్వకంగా అడగండి, లేకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ముసాయిదా వస్తే పటం నకలు తెచ్చి, సర్వే నంబర్ల వారీగా ఏ రంగు పడిందో తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించండి. ఒర్రెలు, కాలువలు, కుంటలు, బండ్ల బాటలు ఆ పటంలో ఉన్నాయో లేదో పెద్దమనుషులను పిలిచి చూపించండి. ఏ ఒర్రె ఎటు పారేదో వాళ్లకు తెలిసినంత శాటిలైట్‌కు తెలియదు. అభ్యంతరం ఎవరికి వారు విడిగా ఇవ్వండి, గ్రామసభ తీర్మానం వేరుగా పెట్టండి. రసీదు తీసుకోకుండా బయటికి రావొద్దు. జడ్పీటీసీ, కౌన్సిలర్ ఇద్దరినీ కలిసి, జిల్లా ప్రణాళికా కమిటీ ఎప్పుడు కూర్చుంటుందని అడగండి.

వచ్చే నెల సమావేశానికి ప్రతి మండల కమిటీ రెండు కాగితాలు తేవాలి. ఒకటి, పట్టణానికి ఆనుకుని ఉన్న మీ గ్రామాల జాబితా. రెండోది, ఆ గ్రామాల్లో సాగులో ఉన్న సర్వే నంబర్లు, వాటిని దున్నుతున్న పట్టాదారుల, కౌలుదారుల పేర్లు. మాస్టర్ ప్లాన్ అక్కడ ఇంకా మొదలు కాకపోయినా సరే, తేవాలి.