పరీక్ష తప్పినవారి ఇంటికి

ఈ ఉపన్యాసమునకు ఆధారమైన ధర్మనిధి ఎవరి స్మృత్యర్థము నెలకొల్పబడినదో ఆ ఉపాధ్యాయులు, పరీక్షాఫలితములు వెలువడిన దినమున, నెగ్గినవారి ఇండ్లకు మరునాడు పోవచ్చుననియు, తప్పినవారి ఇండ్లకు ఆ సాయంకాలమే పోవలెననియు నియమము పెట్టుకొనిరి. పోయి హితోపదేశము చేసెడివారు కారు. పిల్లవానిచెంత కూర్చుండి, వాడు నోరు విప్పుదాక వేచియుండెడివారు. ఆత్మహత్యల నివారణను గూర్చి ప్రజారోగ్యశాస్త్రము నేడు చెప్పుచున్నదానిలో సగము ఆ సాయంకాలపు నడకలోనే ఇమిడియున్నదని నా నమ్మకము.

మన భాషలో పరీక్షయు తప్పును, మనిషియు తప్పు చేయును. ఒక్క మాటయే రెండింటిని మోయుచున్నందుననో ఏమో, గురి తప్పిన బాలుని నేరము చేసినవానివలె చూచుట మన యిండ్లలో అలవాటైపోయినది. చట్టము సయితము చిరకాలము ఇట్లే చూచినది: ప్రాణత్యాగమునకు యత్నించి బ్రదికి బయటపడిన దీనునకు భారత శిక్షాస్మృతి 309వ సెక్షను క్రింద ఏడాదివరకు కారాగారము విధించుటకు వీలుండెను. అట్టివాడు తీవ్రమనోవ్యథలో ఉండెనని భావింపవలెననియు, వానిని శిక్షింపరాదనియు, చికిత్సయు పునరావాసమును కల్పించుట ప్రభుత్వధర్మమనియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించినది. అరుగులమీది మాట మాత్రము ఇంకను ఆ పాత సెక్షనునే వల్లించుచున్నది.

2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర గణాంకములు తెలుపుచున్నవి. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలది దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు అసువులు బాసిరి. ఆ ఫలితములలోనే, తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక బాలికకు సున్న పడినదని తరువాత తేలెను. తప్పు ఎవరిది, తప్పినది ఎవరు? ఏ మరణమునకైనను కారణ మొక్కటియే యని నేననను. మనోవ్యాధి, అప్పు, గృహకలహము, హాస్టలు గదిలోని ఒంటరితనము ఒకదానితో నొకటి పెనవేసికొనియుండును. కాని ప్రాణము తీసికొనదలచు ఆ దుర్భర ఘడియ తరచుగా స్వల్పకాలికమనియు, అది గడచి, తోడును చికిత్సయు లభించినచో బ్రదుకు నిలుచుననియు వైద్యు లెరుగుదురు.

పరీక్ష తప్పినవారు ఏడాది నష్టపోకుండ వెనువెంటనే మరల వ్రాయు వీలును తమిళనాడు కల్పించిన పిమ్మట, అచ్చట అట్టి మరణములు తగ్గుముఖము పట్టినవి. మన పిల్లలు ఇన్‌స్టంటు అని పిలుచుకొనిన పరీక్షయు అట్టిదే. కుళాయినీటిని శుద్ధిచేసి కలరాను ఆపినట్లే, కాలపట్టికలో ఒక తేదీని ముందుకు జరిపి ప్రాణములను నిలుపవచ్చును.

ఇక ఇంటిలోని మాట. "చచ్చిపోవలె ననిపించుచున్నదా, నాయనా?" అని సూటిగా అడిగినచో, లేని తలపు పుట్టునేమో యని తల్లిదండ్రులు జంకుదురు. పుట్టదు, ఉన్న తలపు బయటపడి, గుండె తేలికపడును. అడుగువారు లేనిచోట, రేయింబవళ్లు తెలుగులోను పలుకు టెలీ మానస్ అను మానసికారోగ్య సహాయవాణి ఉన్నది. 2022 నుండి 14416 అను సంఖ్యపై అది ఉచితముగా లభించుచున్నది.

మా ఉపాధ్యాయులు నడచిపోయిన కాలమున ఫలితము బడి గోడమీద, పదిమంది నడుమ కనబడెడిది. నేడది సెల్‌ఫోనులో, పిల్లవాడు ఒంటరిగా ఉన్న గదిలోనికే వచ్చుచున్నది. కావున టెలీ మానస్ వారి ఆ అయిదంకెలను ఫలితపత్రమున మార్కులకు పైన, పేరునకు సరిగా క్రిందనే ముద్రింపవలసినదని పరీక్షాధికారులను ఈ సభాముఖమున వేడుకొనుచున్నాను.