పండక్కి వచ్చిన కుందేలు



"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు" అనే మాట మీరంతా వినే వుంటారు. కళ్ళెదురుగా నాలుగు కాళ్ళు కనబడుతున్నా, కాదు మూడే అని వాదించేవాళ్ళని చూసి పెద్దలు ఆ మాట అన్నారు. ఈ రోజు చెప్పుకునేది కుందేలు గురించే. ఇందులో కూడా ఒక మూడు కాళ్ళ వాదన వుంది. దాని వల్ల ఒక ప్రాణం పోయింది. ఒక ప్రాణం నిలిచింది. ఎలాగో వినండి.

ఒక ఊళ్ళో ఒక ఇల్లు. భార్యా భర్తా ఇద్దరూ కూలికి పోతారు. ఇంట్లో ముసలి అత్తగారు వుంది. మూడో తరగతి చదివే పాప వుంది. సంక్రాంతి పండక్కి పాప మేనమామ పట్నం నుంచి వచ్చాడు. గౌను తెస్తాడనుకుంది పాప. ఆయన చేతిలో అట్టపెట్టె వుంది. పెట్టెకి చిల్లులు వున్నాయి. మూత తీస్తే రెండు కుందేలు పిల్లలు! తెల్లగా దూదిపింజల్లా వున్నాయి. కళ్ళు ఎర్రగా గురివింద గింజల్లా వున్నాయి.

"చందమామలో కుందేలు మనింటికి వచ్చింది" అని పాప గంతులు వేసింది.

ఇక చూడండి సందడి. వీధిలో పిల్లలంతా వచ్చారు. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. ఒకరు చెవులు పట్టి ఎత్తారు. ఒకరు అరిసె ముక్క పెట్టారు. ఇంకొకరు జంతిక పెట్టారు. పాప తల్లి ఒక గిన్నెతో నీళ్ళు తెచ్చి పెట్టింది.

"అక్కా, నీళ్ళు పెట్టకు! కుందేలు నీళ్ళు తాగితే చచ్చిపోతుంది" అన్నాడు తమ్ముడు.

"ప్రాణం వున్నది ఏదైనా నీళ్ళు తాగదట్రా?" అంది ఆమె.

"అమ్మినవాడే చెప్పాడక్కా. అడవిలో దానికి చెంబుతో ఎవరు పోస్తున్నారు?"

అందరూ నవ్వారు. ఆమెకి మనసు ఒప్పలేదు. అయినా నలుగురిలో ఏమంటుంది? గిన్నె తీసేసింది.

భోగి, సంక్రాంతి, కనుమ గడిచాయి. తమ్ముడు పట్నం వెళ్ళిపోయాడు. ముక్కనుమ నాడు తెల్లవారి చూస్తే ఒక పిల్ల కట్టెలా పడివుంది. రెండోది ఒక మూల ముడుచుకుని వుంది. పాప ఏడుపు ఆపలేదు. "అమ్మా, ఇది కూడా చచ్చిపోతుందా?" అని అడిగింది. ఆ తల్లి ఆ రోజు కూలికి పోలేదు. బుట్టలో గోనె వేసింది. పిల్లని అందులో పెట్టుకుంది. నడిచి పశువైద్యశాలకి వెళ్ళింది.

డాక్టరుగారు చూసి అడిగారు. "నీళ్ళు ఇస్తున్నావా అమ్మా?"

"లేదయ్యా. తాగితే చస్తుందన్నారు."

"తాగకపోతే చస్తుందమ్మా" అన్నారు ఆయన.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. చచ్చిపోయిన పిల్ల ఒక్క కారణంతో పోయిందని చెప్పలేం. పాలు మానకముందే తల్లి నుంచి విడదీశారు. కుందేలు పిల్ల కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర వుండాలి. పైగా బస్సు ప్రయాణం. పదిమంది చేతుల్లో నలిగింది. నూనె వంటలు తింది. నీళ్ళు లేవు. అన్నీ కలిసి దాని ప్రాణం తీశాయి.

డాక్టరుగారు ఒక కాగితం మీద అన్నీ రాసిచ్చారు. రెండేళ్ళ కిందట అయితే ఆమె ఆ కాగితం మడిచి కొంగున కట్టుకునేది. చదివిపెట్టమని మొగుణ్ణి అడిగేది. ఇప్పుడు అలా కాదు. రాత్రి బడిలో చదువుకుంది. రాత్రి దీపం దగ్గర కూర్చుంది. వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివింది. అత్తగారు, భర్త, పాప చుట్టూ కూర్చుని విన్నారు. ఆ కాగితంలో ఏముందో మనమూ తెలుసుకుందాం.

మొదటిది నీళ్ళు. కుందేలుకి పగలూ రాత్రీ మంచినీళ్ళు అందుబాటులో వుండాలి. కిలో బరువున్న కుందేలు రోజుకి 50 నుంచి 100 మిల్లీలీటర్ల నీళ్ళు తాగుతుంది. అంటే సుమారు ఒక చిన్న టీ గ్లాసు. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ తాగుతుంది. బరువైన మట్టి మూకుడులో పెడితే ఒలకదు. రోజూ కడిగి కొత్త నీళ్ళు పోయాలి.

మరి నీళ్ళు తాగితే చస్తుందనే మాట ఎందుకు పుట్టింది? పచ్చగడ్డిలో నీరు వుంటుంది. పచ్చగడ్డి బాగా తిన్న కుందేలు నీళ్ళు తక్కువ తాగుతుంది. అది చూసి, దానికి నీళ్ళు పడవని జనం అనుకుని వుండవచ్చు. అలవాటు లేని పిల్లకి ఒక్కసారిగా పచ్చి ఆకులు ఎక్కువ పెడితే పారుకుంటుంది. ఆ తప్పు కూడా నీళ్ళ మీదకే పోయి వుండవచ్చు.

రెండోది మేత. కుందేలుకి అసలు తిండి గడ్డి. పచ్చిగడ్డి, ఎండుగడ్డి ఎప్పుడూ ముందు వుండాలి. కుందేలు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే వుంటాయి. ముందు పళ్ళు వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. అరగకపోతే పళ్ళు వంకరగా పెరిగి నోట్లో గుచ్చుకుంటాయి. అప్పుడు తినలేక చిక్కిపోతుంది.

గరిక మంచిది. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు కొంచెం కొంచెం పెట్టవచ్చు. ఏ కొత్త ఆకైనా మొదట కొద్దిగానే పెట్టాలి. క్యారెట్ తీపి వస్తువు. పిల్లలకి మిఠాయి లాంటిది. ఎప్పుడైనా చిన్న ముక్క చాలు. అన్నం, రొట్టె, బిస్కెట్లు, పిండివంటలు పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి పెట్టకూడదు. టమాటా ఆకు, బంగాళాదుంప ఆకు, గన్నేరు, ఉమ్మెత్త విషం. లేత జొన్న తింటే పశువులకి నాము తగులుతుందని మనకి తెలుసు. కుందేలుకీ అది వద్దు. పురుగుమందు కొట్టిన చేలగట్టు మీద గడ్డి అసలు కోయకూడదు. కుందేలుకి వాంతి రాదు. చెడ్డది లోపలికి పోతే బయటికి కక్కలేదు. అందుకే ఇంత జాగ్రత్త.

ఇక్కడ ఒక సంగతి చదివి పాప ముక్కు మూసుకుంది. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. ఒకటి గట్టిగా గుండ్రంగా వుంటుంది. ఇంకొకటి మెత్తగా గుత్తిలా వుంటుంది. ఆ మెత్తదాన్ని తిరిగి తానే తినేస్తుంది. అది రోగం కాదు. ఆవు నెమరు వేసినట్టే, కుందేలు రెండోసారి తిని బలం తీసుకుంటుంది. దాన్ని అదిలించకూడదు.

మూడోది గూడు. అట్టపెట్టె ఇల్లు కాదు. కుందేలు నిలబడాలి, కాళ్ళు చాపి పడుకోవాలి, నాలుగు గెంతులు వెయ్యాలి. అంత చోటు కావాలి. ఆ ఇంటాయన పాత చెక్కలతో, జల్లెడ తీగతో గూడు చేశాడు. కుక్కలు, పిల్లులు, పాములు రాకుండా నేలకి ఎత్తుగా పెట్టాడు. వట్టి తీగ మీద వుంటే కుందేలు అరికాళ్ళు పుండ్లు పడతాయి. అందుకని సగం మేర చెక్క వేసి, పైన వరిగడ్డి పరిచాడు. తడిసిన గడ్డి రోజూ తీసెయ్యాలి. లేకపోతే ఉచ్చ ఘాటుకి ముక్కు, ఊపిరి చెడతాయి. ఈగలు ముసిరి ఒంటి మీద పురుగులు పడతాయి. రోజూ కొంతసేపు గదిలో తలుపు వేసి బయటికి వదలాలి.

నాలుగోది ఎత్తుకోవడం. చెవులు పట్టి ఎప్పుడూ ఎత్తకూడదు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకొక చెయ్యి వెనక కాళ్ళ కింద వెయ్యాలి. ఒంటికి ఆనించి పట్టుకోవాలి. కుందేలు ఎముకలు తేలిక. భయపడి గట్టిగా తన్నుకుంటే వెన్ను విరుగుతుంది. అందుకే పాప నేల మీద కూర్చునే దాన్ని నిమరాలని ఇంట్లో నియమం పెట్టారు. కుందేలుకి స్నానం చేయించకూడదు. అది తన ఒళ్ళు తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది.

చదవడం అయ్యాక ఆమె ఒక మాట అంది. "కానుక పాపది. చాకిరీ నాది కాకూడదు. అందరం పంచుకుందాం."

ఆ మాట గుర్తుపెట్టుకోండి అక్కలారా. ఇంటికి ఏది వచ్చినా దాని పని ఆడమనిషి నెత్తినే పడుతుంది. ఆ ఇంట్లో అలా కాలేదు. బడి నుంచి వచ్చి పాప గరిక కోసి తెస్తుంది. నీళ్ళ మూకుడు కడుగుతుంది. గూడు బాగుచెయ్యడం తండ్రి పని. మధ్యాహ్నం చూసుకునేది నాయనమ్మ. పొద్దున్నే మేత తిన్నదీ లేనిదీ చూసేది తల్లి. ఒక పూటంతా మేత ముట్టకపోయినా, పెంటికలు వెయ్యకపోయినా ఆలస్యం చెయ్యకూడదు. పారుకున్నా, తల ఒకవైపు వాల్చినా అంతే. వెంటనే పశువైద్యశాలకి తీసుకెళ్ళాలి. చెవుల్లో, ముక్కు మీద పొక్కులు కడితే అది గజ్జి. మనుషులకీ అంటవచ్చు. డాక్టరు మందు ఇస్తారు. కుందేలుని ముట్టుకున్నాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మే నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం నాయనమ్మ గూట్లోకి చూసింది. కుందేలు పక్కకి పడి రొప్పుతోంది. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. కుందేలుకి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని చెవుల గుండా బయటికి పంపుకుంటుంది. ఎండ 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. మన దగ్గర ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది. అది ప్రాణం తీసే వేడి.

నాయనమ్మకి చదువు రాదు. కానీ కోడలు చదివి వినిపించిన మాటలు గుర్తున్నాయి. కుందేలుని ఇంట్లో చల్లని గచ్చు మీదకి తెచ్చింది. తడిగుడ్డతో చెవులు మెల్లగా తుడిచింది. నీళ్ళలో ముంచలేదు. ముంచితే ఆ అదురుకే చచ్చిపోవచ్చు. మూకుడులో నీళ్ళు దగ్గర పెట్టింది. కాసేపటికి అది లేచి నీళ్ళు తాగింది. అప్పుడు ముసలమ్మ కబురు పంపి కోడల్ని చేలోంచి పిలిపించింది. డాక్టరుకి కూడా చూపించారు. ఆ రోజు నుంచి పొద్దెక్కగానే గూటి మీద తడిపిన గోనె కప్పారు. పక్కన నీళ్ళకుండ పెట్టారు. కుందేలు కుండకి ఆనుకుని పడుకునేది.

తరవాత పక్కింటావిడ ఒక సలహా ఇచ్చింది. "ఒంటరిగా వుంది. దీనికి జత తీసుకురా వదినా." కుందేలుకి తోడు మంచిదే. కానీ ఆడా మగా కలిపి పెడితే ఏమవుతుంది? నాలుగు నెలలు నిండేసరికే ఎదకి వస్తాయి. 30, 32 రోజులకి ఈనుతుంది. ఈతకి నాలుగు నుంచి ఎనిమిది పిల్లలు పెడుతుంది. ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. ఆస్ట్రేలియాలో జరిగింది వినండి. 1859లో ఒక దొర ఇంగ్లండు నుంచి 24 కుందేళ్ళని ఓడలో తెప్పించుకున్నాడు. వేటాడుకోవచ్చని వదిలాడు. కొన్ని పదుల ఏళ్ళలో అవి కోట్లు అయ్యాయి. పంటలూ పచ్చికా తినేశాయి. వాటిని ఆపాలని 1907 నాటికి 1,800 కిలోమీటర్లకి పైగా కంచె కట్టారు. అయినా పూర్తిగా ఆగలేదు. అందుకే ఆడా మగా వేరుగా వుంచాలి. పట్నాల్లో కొందరు డాక్టర్లు కుందేళ్ళకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు.

పెంచలేకపోతే పొలంలో వదిలేద్దాం అనుకోవద్దు. గూట్లో పుట్టిన కుందేలుకి అడవిలో బతకడం తెలీదు. కుక్కల పాలవుతుంది. బాగా చూసుకునేవాళ్ళకి అప్పగించాలి. అలాగే చేలల్లో తిరిగే చెవులపిల్లిని పట్టి తెచ్చి పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

మళ్ళీ సంక్రాంతి వచ్చింది. మేనమామ వచ్చాడు. గూట్లో కుందేలు మూకుడులో మూతి పెట్టి నీళ్ళు తాగుతోంది. ఆయన చూసి నిలబడిపోయాడు.

"ఏరా, ఎన్ని కాళ్ళు కనబడుతున్నాయి?" అంది అక్క.

"నాలుగే అక్కా" అన్నాడు తమ్ముడు. పాప పకపకా నవ్వింది.

ఆమె నవ్వలేదు. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇది ఎనిమిది, పదేళ్ళు బతుకుతుందట. గౌను అయితే చిరిగాక మానేస్తాం. ప్రాణం వున్నదాన్ని మానెయ్యలేం కదరా. ఇంకెవరికైనా ఇలాంటిది ఇచ్చేముందు ఆ ఇంట్లో అడుగు" అంది. తమ్ముడు తల వూపాడు. డాక్టరు కాగితం అడిగి తీసుకుని, తన ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

అక్కలారా! ఆ తల్లికి మొదటి రోజే అనుమానం వచ్చింది. ప్రాణం వున్నది నీళ్ళు తాగదా అని అడిగింది. ఆ ప్రశ్న మంచిదే. కానీ నలుగురు నవ్వితే గిన్నె తీసేసింది. మన ఇళ్ళల్లో ఇలాంటివి ఎన్ని జరగడం లేదు? బాలింతకి నీళ్ళు ఇవ్వొద్దంటారు. విరేచనాలైన బిడ్డకి నీళ్ళు పట్టొద్దంటారు. అవి కూడా మూడు కాళ్ళ మాటలే. ఎవరు నవ్వినా సరే, అడగండి. తెలిసినవాళ్ళని అడగండి. కాగితం మీద వుంటే చదవండి. మీకు ఇప్పుడు చదువు వచ్చు.

సెలవు.

చర్చించుకుందాం

1. తల్లి నీళ్ళ గిన్నె ఎందుకు తీసేసింది? మీరైతే ఏం చేసేవాళ్ళు?

2. కుందేలుకి పెట్టకూడనివి ఐదు రాయండి.

3. మీ ఊళ్ళో వినబడే "మూడు కాళ్ళ మాట" ఒకటి చెప్పండి. అది నిజమో కాదో ఎవరిని అడిగి తెలుసుకుంటారు?