పొలంబడిలో పాఠం చెప్పేవారికి

రైతులు పొలంలోనే చూసి నేర్చుకునే పొలంబడి 1989లో ఇండోనేషియాలో, వరికి పట్టిన సుడిదోమ (దోమపోటు) బెడదలోంచి పుట్టింది. తర్వాత మన వ్యవసాయ శాఖా అందిపుచ్చుకుంది. శిక్షకుడు ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: ఇవాళ రైతు ఏం నేర్చుకుని ఇంటికెళ్లాలి? సుడిదోమను గుర్తుపట్టి లెక్కపెట్టడమైతే, మిగతా స్లైడ్లు పక్కన పెట్టేయండి.

గట్టు మీద నిలబడి ఉపన్యాసాలొద్దు. దుబ్బు విడదీసి, నీళ్లకు కాస్త పైన మొదళ్లకు అంటుకున్న గోధుమరంగు దోమల్నీ, వాటిని తినే సాలీళ్లనూ రైతుల చేతే లెక్కపెట్టించండి. చార్టు మీద వాటి బొమ్మా వాళ్లే గీయాలి.

ఎంత ఒంటబట్టిందో చూడటానికి బ్యాలెట్ పెట్టె పరీక్ష ఉంది. పురుగు పట్టిన మొక్క దగ్గర ప్రశ్న కట్టి, జవాబుకో డబ్బా పెడతారు. రైతు చీటీ వేస్తాడు. ప్రశ్న చదివి వినిపిస్తే చదువు రానివాళ్లూ రాయొచ్చు, అదే దీని సొగసు. సీజన్ మొదట్లో, చివర్లో పెట్టి పోల్చండి. చివర్లోనూ చీటీలు తప్పు డబ్బాలోనే పడ్డాయా? మార్చాల్సింది మీ పాఠమే.