కారు ఆపి చూడవలసిన కళ



కారులో దూరప్రయాణం పెట్టుకున్నవాళ్ళు దారిలో ఏ గుడి ఉంది, ఏ జలపాతం ఉంది, భోజనం ఎక్కడ బాగుంటుంది అని వాకబు చేస్తారు. ఈ పూట నేను ఇంకో రకం మజిలీల గురించి చెబుతాను. ఎవరో ఒక మనిషి, ఎవరూ అడక్కుండానే, ఎవరూ డబ్బివ్వకుండానే, ఏళ్ళ తరబడి తన చేతులతో కట్టుకుంటూ పోయిన వింత తోటలు, గోపురాలు, మ్యూజియాలు లోకంలో చాలా ఉన్నాయి. వాటికి సందర్శకుల కొరత లేదు. కానీ అరగంటలో చుట్టేసి, నాలుగు ఫొటోలు తీసుకుని, "భలే ఉందే" అనుకుంటూ బయటికొస్తే ఆ పనిలో ముప్పాతిక వంతు మన కళ్ళకు ఆనలేదన్నమాటే. సంగీతం వినడానికి చెవి తయారు కావాలంటాం కదా, వీటికి కన్ను తయారు కావాలి. అదేమంత కష్టం కాదు. ఏ వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, దేన్ని దేనితో ఎలా కలిపారు అని దగ్గరికెళ్ళి చూడటం అలవాటైతే చాలు.

మన దేశంలో ఈ కళకు పెద్ద బడి చండీగఢ్ రాక్ గార్డెన్. ఢిల్లీ నుంచి సిమ్లా, మనాలీ వైపు వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఆ దారినే పోతుంటారు. ఆ తోట కట్టిన నెక్ చంద్ 1924లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న షకర్‌గఢ్ ప్రాంతంలో పుట్టారు. దేశ విభజనతో ఊరు వదిలి ఇటు వచ్చేశారు. తర్వాత చండీగఢ్‌లో ప్రజాపనుల శాఖలో రోడ్డు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం దొరికింది. అప్పటికి ఆ నగరం ఇంకా కట్టుబడిలోనే ఉంది. లె కర్బూజియే అనే జగత్ప్రసిద్ధ వాస్తుశిల్పి గీసిన ప్లాను అది. స్కేలు పెట్టి గీసినట్టు రోడ్లు, అంకెలతో పిలిచే సెక్టార్లు, నిలువెత్తు కాంక్రీటు భవనాలు. ఆ నగరం లేవడానికి అక్కడున్న పల్లెల్ని, ఒకటీ రెండూ కాదు, ఇరవైకి పైగా పడగొట్టారు. పల్లె లేచిపోయిన చోట ఏం మిగులుతుంది? పగిలిన కుండలు, గాజుముక్కలు, పింగాణీ పెంకులు, పనికిరాని సైకిళ్ళు. కొత్త నగరం కట్టేచోట మిగిలేదీ అలాంటిదే: విరిగిన టైల్సు, మాడిపోయిన ఇటుకలు, ఇనుప ముక్కలు, కరెంటు పనుల్లో పారేసిన పింగాణీ ఫ్యూజులు.

నెక్ చంద్ 1957 ప్రాంతంలో ఇవన్నీ పోగుచేయడం మొదలుపెట్టారు. ఉద్యోగం అయ్యాక సైకిలెక్కి తిరిగేవారు. వాగుల్లోంచి వింత ఆకారపు రాళ్ళు ఏరి తెచ్చేవారు. సుఖ్నా సరస్సు దగ్గర, చెట్లు కమ్ముకున్న ఒక పల్లపు చోటు ఆయనకు నచ్చింది. అది ప్రభుత్వ భూమి, అక్కడ ఎవరూ ఏమీ కట్టకూడదు. ఆయన రాత్రిళ్ళు, పాత టైర్లు కాల్చిన వెలుతురులో కట్టారు. దాదాపు పద్దెనిమిదేళ్ళు ఊరికి తెలియలేదు. 1970ల నడిమిలో అధికారుల కంట పడేసరికి వందలాది బొమ్మలతో, గోడలతో, దారులతో అక్కడొక రాజ్యం లేచి ఉంది. చట్టం ప్రకారం కూల్చేయాలి. చూసినవాళ్ళకు మనసొప్పలేదు. 1976లో దాన్ని ప్రజల కోసం తెరిచారు. ఆయనకు జీతం ఇచ్చి, సాయానికి కూలీలనిచ్చి, అదే పని చేసుకోమన్నారు. ఆ తోట పెరిగి నలభై ఎకరాలైంది. 1983లో దాని మీద తపాలా బిళ్ళ వచ్చింది, మరుసటి ఏడు ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇంత కథా మనసులో పెట్టుకుని లోపలికి వెళ్ళండి. ద్వారాలు కావాలనే పొట్టిగా పెట్టారు, ఎంతటివాడైనా తల వంచాల్సిందే. దారి ఇరుకవుతుంది, మలుపు తిరుగుతుంది, ముందేముందో తెలియదు. బయట నగరంలో ఏ కూడలిలో నిలబడ్డా నాలుగు దిక్కులా తిన్నటి రోడ్డు కనిపిస్తుంది. లోపల నాలుగడుగుల అవతల ఏముందో కనిపించదు. ఒకే నేల మీద రెండు రకాల ఊళ్ళున్నాయి. కర్బూజియే ఊరు చూశాకే నెక్ చంద్ ఊరు చూడమంటాను, రెండోది పూర్తిగా అందేది అప్పుడే.

దారి పక్క గోడల దగ్గర ఆగండి. ఒక గోడంతా పింగాణీ ఫ్యూజులే, వరసలు వరసలుగా పొదిగి ఉంటాయి. పది అడుగుల దూరం నుంచి అది తెల్లటి అల్లికపని. దగ్గరికెళితే ఒక్కొక్కటీ ఒకప్పుడు ఎవరింటి మీటరు పక్కనో ఉండి ఉండాలనిపిస్తుంది. ఇలా దూరం, దగ్గర మార్చుకుంటూ చూడటం ఈ కళలో మొదటి సాధన. రెండడుగులు వెనక్కి, రెండడుగులు ముందుకి. ప్రతిసారీ వేరే వస్తువు కనిపిస్తుంది.

చివర్లో బొమ్మల దండు వస్తుంది. నాట్యగత్తెలు, బిందెలెత్తుకున్న ఆడవాళ్ళు, వాయిద్యగాళ్ళు, కోతులు, ఎలుగుబంట్లు మెట్లు మెట్లుగా నిలబడి ఉంటాయి. సంక్రాంతికి మన ఇళ్ళలో పెట్టే బొమ్మలకొలువు లాగే ఇక్కడా అమరికలోనే సొగసంతా ఉంది. విడిగా తీస్తే ఒక్కో బొమ్మ మోటుగానే ఉంటుంది. మొహం చదును, చేతులు పొట్టి. కానీ యాభై మంది ఒక్కచోట నిలబడేసరికి, ఒకరి తల కాస్త వాలి, ఇంకొకరి భుజం కాస్త లేచి, గుంపు మొత్తానికి ఒక కదలిక వస్తుంది. ఒక బొమ్మను ఎంచుకుని దానితో ఐదు నిమిషాలు గడపండి. లోపల ఎముకల గూడు పాత సైకిలు గొట్టాలూ ఇనుప ఊచలూ. దాని మీద సిమెంటు. సిమెంటు పచ్చిగా ఉండగానే గాజుల ముక్కలు ఒక్కొక్కటీ ఒత్తి గుచ్చారు. వంపు తిరిగిన ముక్క వంపున్న చోటే కూర్చుంది, నడుము దగ్గర ఒక తీరు, మోచేతి దగ్గర ఇంకో తీరు. ఎరుపు ముక్క పక్కన ఆకుపచ్చ ముక్క ఊరికే పడలేదు. ఏ చేతిది ఏ గాజో చెప్పలేం. తుడిచిపెట్టుకుపోయిన పల్లెల ఆడవాళ్ళవి వాటిలో ఉండే ఉంటాయని నేను నమ్ముతాను. కూల్చివేతలో మిగిలినదాన్ని తీసుకుని, విభజనలో తన ఊరు పోగొట్టుకున్న మనిషి ఊరిని మళ్ళీ జనంతో నింపారు. ఆ తోటలో నాకు కనిపించే అర్థం అదే.

దాన్ని కాపాడుకోవడం సులువుగా జరగలేదు. ఒక దశలో బుల్‌డోజర్లు వస్తే జనం చేయీ చేయీ పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. నెక్ చంద్ 2015లో కన్నుమూశారు. పదేళ్ళు తిరిగేసరికి, 2025లో, రోడ్డు వెడల్పు కోసమని తోట గోడ కొంత పడగొట్టారు. ఒంటిచేత్తో పుట్టిన కళకు అండ జనమే. అందుకే చూసేవాళ్ళు ఇష్టంగా, శ్రద్ధగా చూడటం అవసరమని పట్టుబట్టి చెబుతున్నాను.

ఇలాంటి మనిషే అమెరికాలో ఒకాయన ఉండేవారు, సైమన్ రోడియా. ఇటలీ నుంచి వలస వచ్చిన కూలి. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ అనే పేటలో, రైలుపట్టాల పక్కనున్న చిన్న స్థలంలో 1921లో మొదలుపెట్టి ముప్పై మూడేళ్ళు కట్టారు. వాట్స్ టవర్స్ అంటారు వాటిని. అన్నిటికన్నా పొడవైనది దాదాపు 30 మీటర్లు. వెల్డింగు లేదు, పరంజీ లేదు. ఇనుప ఊచల్ని రైలుపట్టా సందులో ఇరికించి వంచేవారు, తీగతో చుట్టి కట్టేవారు, సిమెంటు పూసేవారు. అది ఆరేలోగా పింగాణీ పెంకులు, గవ్వలు, సీసా ముక్కలు అందులో ఒత్తేవారు. కట్టిన మెట్టు మీదే నిలబడి, నడుముకు బెల్టు తగిలించుకుని పై మెట్టు కట్టేవారు. అక్కడ గోడలు చూసేటప్పుడు ఒక పని చేయాలి: అంటించిన ముక్కల మధ్య ఖాళీ సిమెంటు కోసం వెతకాలి. అందులో సుత్తి అచ్చు కనిపిస్తుంది, ఇతర పనిముట్ల అచ్చులు కనిపిస్తాయి. చిత్రకారుడు బొమ్మ అడుగున సంతకం పెడతాడు, ఈ కూలి తన పనిముట్లతో సంతకం చేశారు.

1950ల నడిమిలో ఆయన ఆ స్థలం పొరుగాయనకు రాసిచ్చేసి వెళ్ళిపోయారు. నగరపాలక సంస్థ కూల్చేయమంది, ప్రమాదకరమని. కళాభిమానులు ఊరుకోలేదు. నిజంగా ప్రమాదమేమో పరీక్షించి చూడమన్నారు. 1959 అక్టోబరులో గోపురానికి తీగలు బిగించి, పదివేల పౌన్లు, అంటే సుమారు నాలుగున్నర టన్నుల బలంతో పక్కకు లాగారు. గోపురం చెక్కుచెదరలేదు. మొరాయించింది లాగే యంత్రమే. ఇంజనీరింగు చదువుకోని చేతులు కట్టిన కట్టడం ఇంజనీర్ల పరీక్షలో నెగ్గింది. అప్పటికి బతికే ఉన్నా, రోడియా తిరిగి వచ్చి అక్కడ ఉండలేదు. ఫ్రాన్సులో ఫెర్డినాండ్ షెవాల్ అనే పోస్ట్‌మ్యాన్ కూడా ఉత్తరాల బట్వాడాలో దొరికిన రాళ్ళతో సరిగ్గా ముప్పై మూడేళ్ళే ఒక రాజభవనం కట్టారు. 1969లో ఫ్రాన్సు ప్రభుత్వం దాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది.

అమెరికాలో మనవాళ్ళకు బాగా అందుబాటులో ఉన్నది టెక్సస్‌లోని క్యాడిలాక్ రాంచ్. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉదయం బయల్దేరితే మధ్యాహ్నానికి అమరిల్లో చేరవచ్చు. ఊరి పడమర పొలంలో పది క్యాడిలాక్ కార్లు ముక్కు నేలలో, తోక ఆకాశంలో పెట్టుకుని వరసగా ఉంటాయి. 1974లో యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం స్థానిక ధనవంతుడొకరి పొలంలో వాటిని పాతింది. ఇది ఒంటి మనిషి జీవితకాలపు పని కాదు. అయినా చూసే పద్ధతి నేర్పుతుంది. అందరూ రంగులు చూస్తారు, ఎందుకంటే వచ్చినవాళ్ళంతా స్ప్రే డబ్బాలతో పేర్లు రాస్తారు. రంగులు కాసేపు పక్కన పెట్టి తోకలు చూడండి. అవి 1949 నుంచి 1963 వరకు వచ్చిన మోడళ్ళు. మొదట్లో తోక మీద రెక్క చిన్న బొడిపె. ఏటికేడు లేస్తూ, 1959 మోడల్‌కు వచ్చేసరికి కత్తిలా ఎగిసిపోయింది. తర్వాత అణిగింది. ఒక దేశం డబ్బు, ధీమా, విమానాల మోజు ఆ రెక్కల్లో కనిపిస్తాయి. కారు ముందుభాగం పాతిపెట్టడానికి కారణం కూడా అప్పుడే తడుతుంది. ఆ స్ప్రే రంగుల విషయంలో నా మనసు రెండు రకాలుగా ఉంటుంది. రాసినకొద్దీ అది జనం సొత్తవుతోంది, నిజమే. పొర మీద పొర పడి ఆ రెక్కల అంచులే మొద్దుబారిపోతున్నాయి, అదీ నిజమే. వెళ్ళినవాళ్ళు రాసే ముందు ఒకసారి చుట్టూ తిరిగి రండి.

ఇంత దూరాలు వెళ్ళలేనివాళ్ళకు హైదరాబాదులోనే ఒక మజిలీ ఉంది. బహదూర్‌పురాలో, జూ పార్కుకు దగ్గర్లోనే సుధా కార్స్ మ్యూజియం. కన్యబోయిన సుధాకర్ చిన్నతనం నుంచి పాత సామాను దుకాణాల ఇనుముతో బళ్ళు తయారుచేస్తూ వచ్చారు. 2005లో ఆయన కట్టిన మూడు చక్రాల సైకిలు, 41 అడుగుల 7 అంగుళాల ఎత్తుతో, ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మ్యూజియంలో బర్గర్ కారుంది, కెమెరా కారుంది, లిప్‌స్టిక్ ఉంది, ఆడవాళ్ళ ఎత్తుమడమల చెప్పు ఉంది. అన్నీ నడిచే బళ్ళే.

పిల్లలు పకపకా నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ తర్వాత ఒక్కో బండి దగ్గర వాళ్ళకు మూడు ప్రశ్నలు వేయండి. తలుపెక్కడుంది? నడిపేవాడికి రోడ్డు ఎలా కనిపిస్తుంది? చక్రం ఎక్కడ దాచారు? చెప్పు ఆకారానికి మడమ దగ్గర ఎత్తు, వేళ్ళ దగ్గర పల్లం. బండికి నాలుగు చక్రాల మీద బరువు సమంగా పడాలి. ఆ రెండిటికీ పొత్తు కుదరదు. రేకు ఎక్కడ వంచితే చెప్పులా కనిపిస్తుందో, ఎక్కడ వంచకపోతే సీటు పడుతుందో తేల్చుకోవడంలోనే పనితనమంతా ఉంది. వెనకవైపుకు వెళ్ళండి, వంగి అడుగున చూడండి. రేకుల అతుకులు, స్టీరింగు కడ్డీ, ఇంజను పెట్టిన చోటు చూడండి. ముందు నుంచి చూస్తే అది చమత్కారం. అడుగు నుంచి చూస్తే మన ఊరి మెకానిక్కు ఏళ్ళ తరబడి పట్టిన లెక్క.

సెలవు రోజుల్లో రద్దీ ఎక్కువ, పనిదినం ఉదయాన్నే వెళితే బళ్ళ చుట్టూ తీరిగ్గా తిరగవచ్చు. అక్కడ పనిచేసేవాళ్ళను పలకరించండి, ఏ బండి కట్టడం అన్నిటికన్నా కష్టమైందో అడగండి.